‘సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ క్రెడిట్’ అనేది చట్టంలో లేదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఊబర్, లిఫ్ట్, డోర్‌డాష్ నడుపుకునేవాళ్లు, ఉద్యోగిగా కాకుండా 1099 అనే ఫారం మీద కాంట్రాక్టు పని చేసే ఐటీ వాళ్లు, ఇంటి దగ్గర క్యాటరింగ్ చేసేవాళ్లు, సంగీతం, డ్యాన్సు క్లాసులు చెప్పేవాళ్లు, రియల్ ఎస్టేట్ లైసెన్సు తీసుకుని కమీషన్ మీద బతికేవాళ్లు మన తెలుగువాళ్లలో చాలామంది ఉన్నారు. వీళ్ల ఫోన్లకు కొన్నేళ్లుగా ఒకే ఎర రకరకాల రూపాల్లో వస్తోంది. "సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ క్రెడిట్ కింద గవర్నమెంటు మీకు 32,220 డాలర్ల దాకా బాకీ ఉంది, మీ సీపీఏ (పన్ను లెక్కలు చూసే అకౌంటెంటు) మీకు చెప్పలేదు, మేం తెప్పిస్తాం, వచ్చాకే మా వాటా ఇవ్వండి" అన్నది దాని సారం. వీడియోల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇప్పుడు తెలుగులోనూ తిరుగుతోంది. స్వయం ఉపాధి వాళ్ల రిటర్నులు తయారు చేయడమే మా పని. అందుకే మీ పత్రిక ద్వారా కొంచెం వివరంగా చెప్పదలిచాం. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు మీ పత్రిక చదువుతారు. వాళ్ల నోటి ద్వారా చేరితే ఇంకా త్వరగా చేరుతుంది.

ముందు పేరు సంగతి. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ అంటే మనం కట్టాల్సిన పన్ను. ఉద్యోగికైతే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద సగం జీతంలోంచి కోస్తారు, మిగతా సగం కంపెనీ కడుతుంది. సొంత పని చేసుకునేవాళ్లకు కంపెనీ లేదు కనుక రెండు సగాలూ వాళ్ల నెత్తినే పడతాయి. సోషల్ సెక్యూరిటీకి 12.4 శాతం, మెడికేర్‌కు 2.9 శాతం, కలిపి 15.3 శాతం. అందులో సగాన్ని ఆదాయంలోంచి తగ్గించి చూపుకోవచ్చు, అంతవరకే. క్రెడిట్ అంటే పన్నులోంచి నేరుగా తగ్గే, లేదా రిఫండ్‌గా వచ్చే మొత్తం. ఆ పన్ను పేరు చివర ‘క్రెడిట్’ అని అతికించి అమ్ముతున్న సరుకు ఇది. ఆ పేరుతో క్రెడిట్ ఏదీ లేదని అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ 2024 జులైలో స్పష్టంగా ప్రకటించింది. ఏటా విడుదల చేసే ‘డర్టీ డజన్’ మోసాల జాబితాలో 2025లో దీన్ని చేర్చింది.

మరి 32,220 అనే అంకె ఎక్కడిది? అది పూర్తిగా కల్పితం కాదు. అందుకే చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. కోవిడ్ మొదలైనప్పుడు, 2020 మార్చి 18న, అమెరికా ప్రభుత్వం ఒక సహాయ చట్టం తెచ్చింది. కోవిడ్ వల్ల పని చేయలేకపోయిన స్వయం ఉపాధి వాళ్లకు సిక్ లీవు, ఫ్యామిలీ లీవు కింద క్రెడిట్ ఇచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి 2021 మార్చి 31 వరకు ఒక విడత, 2021 ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు మరో విడత. సొంత జబ్బుకు విడతకు 10 రోజులు, రోజుకు గరిష్ఠంగా 511 డాలర్లు, అంటే 5,110. పిల్లల బడి మూతపడి ఇంట్లో ఉండాల్సి వస్తే రోజుకు గరిష్ఠంగా 200 డాలర్లు. మొదటి విడతలో 50 రోజులకు 10,000, రెండో విడతలో 60 రోజులకు 12,000. ఈ నాలుగు గరిష్ఠాలూ కూడితే 32,220. అంటే రెండు విడతల్లోనూ పూర్తి కోటా జబ్బుపడి, పూర్తి కోటా పిల్లల కోసం ఇంట్లో కూర్చుని, పైగా పెద్ద ఆదాయం ఉన్న మనిషికి మాత్రమే వచ్చే మొత్తం అది. ప్రకటనలో దాన్ని అందరికీ రావాల్సిన బాకీలా చూపిస్తారు.

ఆదాయం లెక్క ఎలా వేస్తారో ప్రకటనల్లో కనిపించదు. ఏడాది నికర స్వయం ఉపాధి ఆదాయాన్ని 260తో భాగించాలి. వచ్చింది ఒక రోజు సగటు. సొంత జబ్బు రోజులకు ఆ సగటు మొత్తం, పిల్లల కోసమో ఇంట్లో వేరే జబ్బు మనిషి కోసమో ఆగిన రోజులకు అందులో 67 శాతం. రోజుకు 511 డాలర్లు రావాలంటే ఏడాదికి 1,32,860 డాలర్ల నికర ఆదాయం చూపించి ఉండాలి. ఖర్చులు పోను మిగిలింది చూడాలి తప్ప యాప్‌లో కనిపించే మొత్తం వసూళ్లు కాదు.

ఇప్పుడు పెట్రోలు, మైలేజీ పోను ఏడాదికి 26,000 డాలర్లు మిగిలిన డెలివరీ డ్రైవర్‌ని తీసుకోండి. రోజు సగటు 100 డాలర్లు. మొదటి విడతలో 10 జబ్బు రోజులకు 1,000, పిల్లల కోసం ఆగిన 50 రోజులకు రోజుకు 67 చొప్పున 3,350. రెండో విడతలో 1,000, 60 రోజులకు 4,020. అన్నీ కలిపితే 9,370 డాలర్లు. అదీ 130 పని రోజులు, అంటే 26 వారాలు, బండి తీయకుండా ఇంట్లో ఉంటేనే. అన్నాళ్లు ఆపినవాళ్లకు ఏడాదికి 26,000 మిగలడమే కష్టం. అలాంటి డ్రైవర్ పేరు మీద 20,000కు పైన క్లెయిమ్ వేశారంటే ఈ క్రెడిట్ అడిగే ఫారం 7202లో ఆదాయమో రోజుల సంఖ్యో, ఏదో ఒకటి అబద్ధం రాశారన్నమాట.

ఆ రోజుల సంగతే అసలు కీలకం. ఎన్ని రోజులు పని చేయలేకపోయారో ఫారం 7202లో అంకెగా రాయాలి. ఈ క్లెయిములు అమ్మే ఏజెంట్లు ఏమీ అడక్కుండా అక్కడ 10, 50, 60 నింపేస్తారు. ఊబర్ గానీ డోర్‌డాష్ గానీ ఏ రోజు ఎన్ని ట్రిప్పులు, ఎన్ని గంటలు, ఎంత వచ్చింది అన్నీ దాచి ఉంచుతాయి. 2020 నవంబరు 9 నుంచి 20 వరకు జబ్బుతో ఇంట్లో ఉన్నానని చెప్పి, అదే నవంబరు 14 సాయంత్రం ఆరు డెలివరీలు యాప్‌లో కనిపిస్తే ఇక చెప్పుకోవడానికేమీ ఉండదు. ఐటీ కాంట్రాక్టర్లకు ఇదే పని టైమ్‌షీట్లు చేస్తాయి. క్లయింటుకు వారానికి 40 గంటలు బిల్లు వేసిన వారాన్ని పని చేయలేని వారంగా చూపడం కుదరదు. ఇంకో మాట, ఇంటి నుంచి పని చేయగలిగి ఉంటే ఈ క్రెడిట్ వర్తించదని నిబంధనలోనే ఉంది. 2020లో ఐటీ పని దాదాపు మొత్తం ఇంటి నుంచే జరిగింది కదా.

కారణం కూడా చట్టం చెప్పినవాటిలో ఒకటై ఉండాలి. ప్రభుత్వం క్వారంటీన్ లేదా ఐసొలేషన్ ఆదేశించి ఉండాలి, లేదా డాక్టరు ఇంట్లో ఉండమని చెప్పి ఉండాలి, లేదా లక్షణాలు వచ్చి పరీక్షకు తిరుగుతూ ఉండాలి. అలాంటి స్థితిలో ఉన్న మరొకరిని చూసుకోవడం, కోవిడ్ వల్ల పిల్లల బడి గానీ డే కేర్ గానీ మూతపడటం కూడా ఉన్నాయి. రెండో విడతలో టీకా వేయించుకోవడం, టీకా తర్వాత ఒంట్లో బాగోలేకపోవడం చేర్చారు. బడి భవనం మూసి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పినా మూతపడినట్టే లెక్క. కానీ వేసవి సెలవులు లెక్కలోకి రావు. బడికి వేసవి సెలవులని జూన్, జులై నెలల్లో 40 రోజులు పిల్లల కోసం ఆగిపోయామని వేసిన క్లెయిములు ఈ ఒక్క కారణంతోనే నిలబడవు. కోవిడ్ భయంతో గిరాకీ తగ్గింది, రైడ్లు రాలేదు, క్లయింటు ప్రాజెక్టు ఆపేశాడు లాంటివి ఎంత నిజమైనా ఈ క్రెడిట్‌కు కారణాలు కావు. అమాయకంగా సంతకం పెట్టినవాళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

అసలు అర్హతే లేని వర్గాలు కొన్ని ఉన్నాయి. కంపెనీ ఉద్యోగిగా డబ్ల్యూ-2 ఫారం మీద వచ్చే జీతం తప్ప మరేదీ లేనివాళ్లకు ఇది రాదు. సొంత కంపెనీ పెట్టి దాన్ని ఎస్-కార్పొరేషన్‌గా నడుపుతూ, దానిలోంచి జీతం తీసుకునే కార్ప్-టు-కార్ప్ (కంపెనీకి కంపెనీ కాంట్రాక్టు) కన్సల్టెంట్లకు రాదు, ఎందుకంటే పన్ను లెక్కలో వాళ్లు స్వయం ఉపాధి కిందికి రారు. ఒక్కరే యజమానిగా సింగిల్ మెంబర్ ఎల్‌ఎల్‌సీ పెట్టి, సొంత వ్యాపార లాభనష్టాలు చూపే షెడ్యూల్ సీ వేసేవాళ్లు స్వయం ఉపాధి కిందికి వస్తారు. ఎఫ్-1 విద్యార్థుల్లో ఎక్కువమంది మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలూ నాన్ రెసిడెంట్ల రిటర్ను 1040-ఎన్‌ఆర్ వేయాలి. నాన్ రెసిడెంట్‌కు సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ఆదాయం అన్న లెక్కే ఉండదు, కాబట్టి దాని మీద కట్టే క్రెడిట్‌కు పునాదే లేదు.

ఇక్కడ మన వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. మిగతా అమెరికన్లకు ఈ మోసంలో పోయేది డబ్బు. వీసా మీద ఉన్నవాళ్లకు అంతకంటే పెద్దది పోవచ్చు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తమను స్పాన్సర్ చేసిన కంపెనీలోనే పని చేయాలి. అలాంటి మనిషికి కేవలం డబ్ల్యూ-2 ఉంటే ఏజెంటు ఏం చేస్తాడంటే, లేని వ్యాపారాన్ని సృష్టించి, పాత రిటర్నును సవరించే ఫారం 1040-ఎక్స్‌తో పాటు ఒక షెడ్యూల్ సీ జత చేస్తాడు. ‘కన్సల్టింగ్’ అనో ‘డెలివరీ’ అనో ఒక పేరు, కింద ఒక ఆదాయం అంకె. ఆ కాగితం మీద మీ సంతకం ఉంటుంది. అంటే 2020లో అనుమతి లేని పని చేశానని మీరే ప్రభుత్వానికి రాసిచ్చినట్టు. రేపు గ్రీన్ కార్డు దరఖాస్తులో ట్యాక్స్ ట్రాన్స్‌క్రిప్టు (ఐఆర్‌ఎస్ దగ్గరున్న మీ పన్ను వివరాల నకలు) అడిగినా, తల్లిదండ్రులను స్పాన్సర్ చేస్తూ ఐ-864 వేసినా, పౌరసత్వానికి ఎన్-400 వేసినా ఆ షెడ్యూల్ సీ బయటికి రావచ్చు. అది అబద్ధమని చెబితే పన్ను మోసం ఒప్పుకున్నట్టు, నిజమని చెబితే వీసా ఉల్లంఘన ఒప్పుకున్నట్టు. రెండిట్లో ఏది చెప్పినా ఇబ్బందే.

ఇంకా పైకి వెళితే, ప్రభుత్వానికి 10,000 డాలర్లకు మించి నష్టం కలిగించిన మోసం కోర్టులో నేరంగా రుజువైతే, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేయగల నేరాల కిందికి అది వస్తుంది. తప్పుడు రిటర్ను వేసిన నేరానికీ ఇది వర్తిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. ప్రతి తప్పుడు క్లెయిమూ నేరం కేసు కాదు, చాలావరకు డబ్బు వెనక్కి కట్టించుకుని పెనాల్టీతో ముగుస్తాయి. భయపెట్టాలని ఈ మాట రాయడం లేదు. వీసా మీద ఉన్నవాళ్లు సంతకం పెట్టే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

షెడ్యూల్ సీలో ఆదాయం పెంచి చూపితే ఇంకో చిక్కు కూడా ఉంది. రోజుకు 511 రావడానికి 1,32,860 నికర ఆదాయం రాశారనుకోండి, దాని మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్సే 18,000 డాలర్ల పైన అవుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ వేరు. అందుకని కొందరు ఫారం 7202లో ఒక ఆదాయం, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ లెక్కించే షెడ్యూల్ ఎస్‌ఈలో ఇంకో ఆదాయం రాస్తారు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే చాలు, తేడా తెలిసిపోతుంది.

"డబ్బు వచ్చేసింది కదా" అన్నది మేం తరచుగా వినే మాట. రిఫండ్ ఖాతాలో పడటానికీ ఐఆర్‌ఎస్ క్లెయిమ్‌ను ఒప్పుకోవడానికీ సంబంధం లేదు. రిఫండ్ ఇచ్చిన తర్వాత కూడా పరిశీలన మొదలవ్వొచ్చు, మోసపూరితమైన రిటర్నుకైతే కాలపరిమితే లేదు. లెక్క చూడండి. 20,000 డాలర్ల రిఫండ్ వచ్చింది, 20 శాతం వాటాగా ఏజెంటు 4,000 తీసుకున్నాడు. తర్వాత ఐఆర్‌ఎస్ కాదంది. 20,000 తిరిగి కట్టాలి, తప్పుడు రిఫండ్ అడిగినందుకు దాని మీద 20 శాతం, అంటే 4,000 పెనాల్టీ. ఏజెంటుకిచ్చిన 4,000 తిరిగి రాదు. చేతిలోంచి పోయింది 8,000, పైన వడ్డీ. క్లెయిమ్‌ను చట్టంలో ఆధారమే లేనిదిగా తేలిస్తే అదనంగా 5,000 డాలర్ల పెనాల్టీ వేసే అధికారం ఉంది. ఉద్దేశపూర్వక మోసంగా తేలితే పెనాల్టీ 75 శాతం. సోషల్ మీడియాలో చూసి వేసిన ఇలాంటి క్లెయిముల మీద 2022 నుంచి 32,000కు పైగా పెనాల్టీలు వేశామని, అవి 16.2 కోట్ల డాలర్లు దాటాయని ఐఆర్‌ఎస్ 2025లో చెప్పింది. ఏజెంటు వేశాడు, నాకు తెలియదు అంటే సరిపోదు. రిటర్నులో ఉన్న ప్రతి అంకెకూ సంతకం పెట్టినవాళ్లదే బాధ్యత.

ఏజెంటును గుర్తుపట్టడానికి కాగితమే సాక్ష్యం. డబ్బు తీసుకుని రిటర్ను తయారు చేసే ఎవరికైనా ఐఆర్‌ఎస్ ఇచ్చే పీటిన్ అనే నంబరు ఉండాలి. రిటర్ను చివరి పేజీలో తయారు చేసినవాళ్ల గడిలో వాళ్ల పేరు, సంతకం, ఆ నంబరు ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే, లేదా మీరే సొంతంగా తయారు చేసుకున్నట్టు ఉంటే, అక్కడితో ఆపేయండి. రిఫండ్ వెళ్లే బ్యాంకు ఖాతా నంబరు మీదేనా, చివరి నాలుగు అంకెలు సరిపోయాయా చూడండి. ఫైల్ చేసే ముందే పూర్తి కాపీ అడగండి. ఫారం 7202లో రోజుల గడి మీరే చదవండి. ఆ రోజుల్లో మీరు ఎక్కడున్నారో ఏజెంటు అడగలేదంటే ఆ అంకె అతను ఊహించి రాసిందే.

హైదరాబాద్ నుంచి ఫోన్ చేసే బ్యాక్ ఆఫీసుల విషయంలో ఇంకో నియమం ఉంది. మీ పన్ను వివరాలు అమెరికా బయట రిటర్నులు తయారు చేసేవాళ్లకు ఇవ్వాలంటే మీ రాతపూర్వక సమ్మతి ముందుగా తీసుకోవాలి. సరైన భద్రత లేకుండా సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్‌ఎస్‌ఎన్) విదేశానికి పంపకూడదు. నిజాయితీగా పని చేసే సంస్థలు ఆ సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుని, నంబరును కనిపించకుండా మూసి పంపుతాయి. వాట్సాప్‌లో ఎస్‌ఎస్‌ఎన్ ఫోటో, డ్రైవింగ్ లైసెన్సు ఫోటో పంపమన్నారంటే ఆ నియమాన్ని వాళ్లు పట్టించుకోవడం లేదన్నమాట.

గడువు గురించి కూడా ఒక మాట. 1040-ఎక్స్ వేసి రిఫండ్ అడగడానికి సాధారణంగా రిటర్ను వేసిన నాటి నుంచి మూడేళ్లు. 2020 సంవత్సరానికి అది చాలామందికి 2024 మే 17తో, 2021 సంవత్సరానికి 2025 ఏప్రిల్‌తో ముగిసింది. ఇప్పటికీ ‘ఆఖరి అవకాశం’ అంటూ అమ్ముతున్నవాళ్లు గడువు తీరిన సరుకుకు ముందస్తు ఫీజు వసూలు చేస్తున్నారు, లేదా మీ ఎస్‌ఎస్‌ఎన్ కోసం వస్తున్నారు.

ఈ ఎర చల్లారితే ఇంకోటి వస్తుంది. కారు నడిపేవాళ్లకు ప్రస్తుతం అమ్ముతున్నది ఫ్యూయల్ ట్యాక్స్ క్రెడిట్, ఫారం 4136. ఇది నిజంగా ఉన్న క్రెడిట్టే, కానీ పొలం పనికి వాడిన యంత్రాలకు, రోడ్డెక్కని వ్యాపార యంత్రాలకు పోసిన ఇంధనానికి. రోడ్డు మీద తిరిగే ట్యాక్సీకి, డెలివరీ కారుకు పోసిన పెట్రోలుకు ఒక్క పైసా రాదు. ఒకవేళ వచ్చినా ఎంతో చూడండి. పెట్రోలుకు గ్యాలన్‌కు 18.3 సెంట్లు. ఏడాదికి 1,500 గ్యాలన్లు పోసిన డ్రైవర్‌కు లెక్క 275 డాలర్ల దగ్గర ఆగిపోతుంది. 5,000 డాలర్ల క్రెడిట్ రావాలంటే 27,000 గ్యాలన్లకు పైగా పోయాలి. గ్యాలన్‌కు 25 మైళ్లు ఇచ్చే కారు అంత పెట్రోలుతో ఆరున్నర లక్షల మైళ్లకు మించి తిరుగుతుంది. ఏ కారు ఏడాదిలో అంత తిరుగుతుంది? ఇంతకుముందు ఇలాగే ఎంప్లాయీ రిటెన్షన్ క్రెడిట్ అమ్మారు. అది జీతమిచ్చి ఉద్యోగులను పెట్టుకున్నవాళ్లకు మాత్రమే, ఒంటరిగా పని చేసుకునేవాళ్ల సొంత సంపాదనకు వర్తించదు. ఇంట్లో పనివాళ్లను పెట్టుకున్నట్టు షెడ్యూల్ హెచ్ సృష్టించడం కూడా అదే కోవలోది.

ఇప్పటికే క్లెయిమ్ వేసినవాళ్లు ముందు ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, 2020, 2021 సంవత్సరాల అకౌంట్ ట్రాన్స్‌క్రిప్టులు తీసుకోండి, ఉచితమే. అందులో 977 అని ఉంటే సవరించిన రిటర్ను దాఖలైనట్టు, 570 ఉంటే పరిశీలనలో ఆగినట్టు, 766 ఉంటే క్రెడిట్ జమ అయినట్టు, 846 ఉంటే రిఫండ్ విడుదలైనట్టు. మీరు వేయని సవరణ అందులో కనిపిస్తే అది వేరే సమస్య, మీ పేరు మీద మీకు తెలియకుండా వేశారన్నమాట. దానికి ఫారం 14157తో పాటు 14157-ఏ నింపి పంపాలి. ప్రచారం చేసి అమ్మిన మనుషుల మీద ఫిర్యాదుకు ఫారం 14242 ఉంది.

మీకు తెలిసే వేసినా, అర్హత లేదని ఇప్పుడు అర్థమైతే ఐఆర్‌ఎస్ ఉత్తరం వచ్చేదాకా ఆగకండి. ఇంకో 1040-ఎక్స్ వేసి ఆ క్రెడిట్‌ను సున్నా చేయండి. వివరణ రాసే చోట సూటిగా రాయండి: "ఫారం 7202 క్రెడిట్‌కు అర్హత లేదు, తీసివేస్తున్నాను." రిఫండ్ వచ్చి ఉంటే దాంతో పాటే చెల్లించండి. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాల ఒప్పందం అడగవచ్చు. చెక్కు వచ్చి ఇంకా మార్చుకోకపోతే, వెనక వైపు సంతకం పెట్టే చోట ‘వాయిడ్’ అని రాసి, ఎందుకు తిప్పి పంపుతున్నారో ఒక చీటీ పెట్టి ఐఆర్‌ఎస్‌కు పంపండి, పిన్ను కొట్టకండి. క్లెయిమ్‌కు చట్టంలో ఆధారం లేదంటూ 3176సీ ఉత్తరం వస్తే 30 రోజుల్లో సరిదిద్దిన రిటర్ను పంపితే ఆ 5,000 పెనాల్టీ తప్పుతుంది. ఆ 30 రోజులు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఉత్తరాన్ని ఏజెంటుకు పంపి అతని జవాబు కోసం కూర్చున్నవాళ్లే. హెచ్-1బీ మీద ఉండి మీ రిటర్నులో షెడ్యూల్ సీ చేరి ఉంటే, సవరణ వేసే ముందు ట్యాక్స్ లాయరును, ఇమిగ్రేషన్ లాయరును ఇద్దరినీ సంప్రదించండి. ఏజెంటుతో నడిచిన వాట్సాప్ సంభాషణ, ఫీజు చెల్లించిన రుజువు చెరిపేయకండి.

క్లెయిమ్ నిజమైనదే అయినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు భయపడి వెనక్కి తీసుకోనక్కర్లేదు. పరీక్ష రిపోర్టు, డాక్టరు కాగితం, బడి పంపిన మూసివేత ఈమెయిలు, ఆ రోజుల్లో పని జరగలేదని చూపే యాప్ రికార్డు, ఇవన్నీ ఒకచోట పెట్టుకుంటే చాలు.

స్వయం ఉపాధి వాళ్లకు చట్టం నిజంగా ఇచ్చే ప్రయోజనాలు తక్కువేమీ కావు, కాకపోతే వాటి గురించి ఎవరూ వీడియోలు చేయరు. పని మీద తిరిగిన మైళ్లకు 2024లో మైలుకు 67 సెంట్లు, 2025లో 70 సెంట్లు తగ్గించుకోవచ్చు. ఏడాదిలో 20,000 మైళ్లు తిరిగిన డ్రైవర్‌కు 2025లో అది 14,000 డాలర్ల తగ్గింపు. ఏ రోజు, ఎన్ని మైళ్లు, ఏ పని మీద అన్నది ఎప్పటికప్పుడు రాసి ఉంచుకుంటే చాలు. ఏడాది చివర జ్ఞాపకం మీద రాసిన లాగ్‌బుక్ నిలబడదు. ఫోనుబిల్లులో పని భాగం, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం, నికర లాభంలో 20 శాతం దాకా వచ్చే క్యూబీఐ (వ్యాపార ఆదాయ) తగ్గింపు, సెప్-ఐఆర్‌ఏ (రిటైర్మెంటు) పొదుపు ఉన్నాయి. టిప్పుల మీద 2025 నుంచి 2028 వరకు ఏడాదికి 25,000 దాకా కొత్త తగ్గింపు కూడా వచ్చింది, రైడ్, డెలివరీ డ్రైవర్లకు వర్తిస్తుంది. ఇవన్నీ పన్ను వేసే ఆదాయాన్ని తగ్గించేవి. సున్నా పన్ను ఉన్నవాళ్ల ఖాతాలో వేల డాలర్లు వేసేవి కావు. టిప్పుల తగ్గింపు పేరుతో త్వరలో ఎవరైనా ‘టిప్ క్రెడిట్’ అమ్మకానికి పెడితే ఈ తేడా గుర్తుకు తెచ్చుకోండి. ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి 15 తేదీల్లో మూణ్ణెల్ల పన్ను ముందుగా కట్టేస్తే ఏడాది చివర పెద్ద బాకీ ఉండదు. పెద్ద బాకీతో కంగారుపడి ఉన్న మనిషికే ఈ ఎరలు త్వరగా తగులుతాయి.

మన తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. వాటా మీద రిఫండ్ తెప్పించే మధ్యవర్తులు రాజకీయ పార్టీల విరాళాలు, ఇంటద్దె, చదువు రుణం పేరుతో వేసిన తప్పుడు క్లెయిముల మీద ఇండియాలో ఆదాయపు పన్ను శాఖ 2025 జులై 14న దేశవ్యాప్తంగా తనిఖీలు చేసింది. తప్పుగా చూపిన ఆదాయం మీద ఇండియాలో పెనాల్టీ పన్నుకు 200 శాతం దాకా ఉంటుంది.

మీ పత్రికకు మా విన్నపం ఒకటే. ఎన్నారై పేజీల్లో, వెబ్‌సైట్‌లో అమెరికా ట్యాక్స్ ఫైలింగ్ ప్రకటన వేసే ముందు రిటర్నులు తయారు చేసేవాళ్ల పీటిన్ అడగండి. రిఫండ్ మొత్తాన్ని ముందే వాగ్దానం చేసే ప్రకటనలు, వచ్చినదాంట్లో శాతం ఫీజుగా అడిగే ప్రకటనలు తీసుకోకండి. పీటిన్‌తో పాటు గుర్తింపు పొందిన అర్హత ఉన్నవాళ్ల పేర్లను ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో వెతకవచ్చు. ఎన్‌రోల్డ్ ఏజెంటు (ఐఆర్‌ఎస్ గుర్తింపు ఇచ్చిన పన్ను నిపుణులు), సీపీఏ, లాయరు ఎవరైందీ అక్కడ తెలుస్తుంది. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ ఆదివారం ఫోన్లో ఒక్క ప్రశ్న అడగండి: "2020, 2021 రిటర్నులు ఎవరైనా మళ్లీ సవరించి వేశారా నాన్నా, అందులో 7202 అనే ఫారం ఉందా?" ఉందంటే పైన చెప్పిన ట్రాన్స్‌క్రిప్టులు ఆ రాత్రే తీసుకోమనండి.

ఇట్లు,
స్వయం ఉపాధి పన్ను రిటర్నులు తయారు చేసే తెలుగు ఎన్‌రోల్డ్ ఏజెంట్లు,
టెక్సాస్